స్తంభం కింది చెప్పులు

వాన వెలిసిన తర్వాత సబ్‌స్టేషన్ ఆవరణలో ఒక వాసన వస్తుంది. వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ నూనె, తడిసిన కంకర, కొంచెం తుప్పు, ఈ మూడూ కలిసిన వాసన. నేను భూపాలపల్లికి బదిలీ అయి వచ్చి మూడు నెలలైంది. మొన్న మధ్యాహ్నం ఆ వాసనలో నిలబడి, లైను మీద పనికి వెళ్ళిన లైన్‌మన్ ఫోను కోసం ఎదురుచూస్తున్నాను. ఫోను మోగింది. "సార్, పని అయిపోయింది. ఎక్కినోళ్లం నలుగురం, నలుగురం దిగినం. చెప్పులు గూడ జూసిన, స్తంభం కింద ఒక్క జత లేదు" అన్నాడు.

చెప్పుల సంగతి నేను అతనికి చెప్పలేదు. అది ఏ శిక్షణలోనూ చెప్పరు, ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరు నేర్పారని అడిగాను. "ఇంతకుముందు ఈడ ఒక లైన్ ఇన్‌స్పెక్టర్ ఉండె సార్. నాయక్ సార్. ఆయన పెట్టిన పద్ధతి. ఆయన పోయినంక గూడ మేం ఇడువలే" అన్నాడు. నేను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను.

సోమ్లా నాయక్ నాకు మొదటిసారి కనిపించింది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌లో. మాది జనగామ. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, ఇరవై రెండేళ్ళకే సబ్ ఇంజనీరుగా ప్రొబేషన్‌లో చేరాను. రోజూ ఉదయం రైల్లో వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ణి. హోదాలో ఆయన నాకంటే కింద, వయసులో మా నాన్నకంటే పెద్ద. పొట్టి మనిషి, తెల్లబడ్డ మీసం, మోకాళ్ళ దగ్గర రంగు వెలిసిన ఖాకీ ప్యాంటు. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. చేయవలసిన పనులన్నీ అందులో వరుస సంఖ్యలతో రాసి, అయినదాని పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడానికి ఏడాది పట్టింది. అప్పటిదాకా నేను "డిప్లొమా"నే.

చేరిన వారంలోనే ఒక లైను మీద పని పడింది. మా పనిలో ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, అని ఒక పద్ధతి ఉంది. స్తంభం ఎక్కేవాడు ముందుగా సబ్‌స్టేషన్ రిజిస్టరులో తన పేరు మీద లైను తీసుకుంటాడు. దిగిన తర్వాత తానే ఆ లైను తిరిగి అప్పగించాలి. అప్పటిదాకా ఎంత పెద్ద అధికారి చెప్పినా ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. ఆ రోజు లైను నా పేరు మీద ఉంది. పని ముగిసింది, నోటుబుక్కు తీశాను. పనిముట్లు వచ్చాయి, టిక్కు. ఎర్తింగ్ రాడ్లు తీశారు, టిక్కు. నిచ్చెన బండి ఎక్కింది, టిక్కు. కరెంటు ఇవ్వమని చెప్పడానికి ఫోను తీస్తుంటే సోమ్లా సార్ నా చేయి పట్టుకుని, మూడో స్తంభం దిక్కు చూపించాడు. దాని మొదట్లో ఒక చెప్పుల జత ఉంది.

"ఎవరియి అవి?"

యాదగిరివి. యాదగిరి మా లైన్‌మన్. పైన లేడు. చెప్పులు విప్పినవాడు విప్పినట్టే పొదల చాటుకు వెళ్ళాడు. ప్యాంటు సర్దుకుంటూ వస్తూ, అందరూ తనవైపే చూస్తుండడం గమనించి, "ఏందే, ఒంటికి గూడ ఎల్‌సీ తీసుకోవాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. సోమ్లా సార్ నవ్వలేదు. "వాడు పైన లేడు, నిజమే. గని నువ్వు చూసి చెప్పబోయినవా, అనుకొని చెప్పబోయినవా?" అని నన్ను అడిగాడు.

నేను నిజం చెప్పాను. అనుకొని.

"నీ నోటుబుక్కుల చెప్పులు రాసుకో" అన్నాడు. "సామాను ఎంచుడు కాదు, మనుషులను ఎంచాలె. మనిషి చెట్ల ఉండొచ్చు, నీడకుండొచ్చు, ఆకుల సందుల కనవడకుంట పైననే ఉండొచ్చు. చెప్పులు మాత్రం కిందనే ఉంటయి. అందరియి ఎంచినంక, ఆఖర్న ఫోన్ల మాట్లాడెటోన్ని గూడ అడుగు, నీయి ఏడున్నయని. వాడు పైనుంచే మాట్లాడుతుండొచ్చు." నా జాబితాలో అది నాలుగో అంశం అయింది.

ఆ రోజుల్లో ప్రత్యేక రాష్ట్రం మాట లేని పూట లేదు. మా ఉద్యోగులమంతా ఆ వైపే. జనగామలో వరంగల్ రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజున, రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి అన్నం వండుతుంటే, ఒక మూలన గొంతుక్కూర్చుని జొన్నరొట్టెలు చేస్తూ సోమ్లా సార్ కనిపించాడు. చొక్కాకు నల్ల బ్యాడ్జీ. అరచేతుల్లోనే తిప్పుతూ చేసే ఆ రొట్టెల కోసం నాయకులు కూడా వరుసలో నిలబడ్డారు. "ఉపన్యాసాలు అటు, రొట్టెలు ఇటు" అంటున్నాడు. పిండి కలుపుతున్న యాదగిరి, "నాయక్ సార్, మీ తండల మాట వేరేనాయె. తెలంగాణ వస్తే మీకేమొస్తది?" అని ఎగతాళికి అడిగాడు.

ఆయన రొట్టె తిరగేసి చెప్పాడు. "ఇంట్ల మాది లంబాడీ. తెలుగు బడిల దెబ్బలు తిని నేర్చుకున్న. నౌకరి వచ్చినంక ట్రైనింగని కోస్తా దిక్కు పంపిండ్రు. నోరు తెరిస్తే, నీది తెలుగే కాదయ్యా అని నవ్విండ్రు. అంత కష్టవడి నేర్చుకుంటే అది గూడ కాదన్నరు. గప్పటిసంది నేను తెలంగాణోన్ని. నువ్వు మొన్నైనవు."

యాదగిరి రొట్టె అందుకుని పక్కకు జరిగాడు. సోమ్లా సార్ సొంత ఊరు గార్ల దగ్గరి తండా. అక్కడ ఆయన తమ్ముళ్ళ బోరుబావులకు కరెంటు ఏ వేళ వచ్చేదో, ఎన్నిసార్లు పోయేదో వేళ్ళ మీద లెక్క చెప్పేవాడు. ఆ విషయంలో ఆయనకున్న కోపం నాకు లేదు. నాకు ఉత్సాహం ఉండేది.

అందుకే ఆ తర్వాతి సంగతి మాకెవరికీ మింగుడుపడలేదు. రాష్ట్రం కోసం చేస్తున్న సమ్మె బిగుసుకున్నాక మా సంఘం ఒక నిర్ణయం చేసింది. ఒక రోజు ఉదయం పది నుంచి రెండు దాకా మా సబ్‌స్టేషన్ నుంచి పోయే మూడు వ్యవసాయ లైన్లనూ ఆపేయాలి. దవాఖాన ఉన్న టౌను లైను మాత్రం నడుస్తుంది. సమావేశంలో చేతులెత్తమన్నప్పుడు సోమ్లా సార్ చెయ్యి లేవలేదు.

"ఆఫీసు బంద్ పెడదాం, నేనే తాళమేస్త. పటేండ్లు, మంత్రులు ఎవరొచ్చినా రోడ్డు మీద కూసుందాం, రొట్టెలు నేనే చేస్త. కరెంటు మాత్రం తియ్యద్దు" అన్నాడు.

"ఎందుకు?" అని సంఘం కార్యదర్శి అడిగాడు.

"మనోళ్లు ఎక్కుతరు."

అది మా ప్రాంతం గురించి తెలిసినవాళ్ళకే అర్థమయ్యే మాట. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా మడి ఆగదు. రైతే ఎక్కి తీగ చుట్టుకుంటాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను లైను నుంచి విడదీసే స్విచ్చులు చాలాచోట్ల తుప్పు పట్టి కదలవు. అందుకని లైను మొత్తం ఎప్పుడు పోతుందా అని చూసి, పోయినప్పుడు ఎక్కుతారు. కొందరు దిగలేదు కూడా. ఇదంతా మా అందరికీ తెలుసు. కానీ ఆ గదిలో వేడి వేరుగా ఉంది. వెనక నుంచి ఎవరో, "నాయక్ సార్‌కు పింఛన్ దగ్గరవడ్డది, కాళ్లు వణుకుతున్నయి" అన్నారు. మరొకరు ఇంకో మాట అన్నారు. ద్రోహి అని. ఆయన ఆ మాట వచ్చిన వైపు తిరిగి చూసి, "ఎవడ్రా అది? రొట్టె తిన్నోడేనా?" అన్నాడు. నవ్వులు లేచాయి కానీ ఎవరూ చేతులు దించలేదు.

అప్పుడు నేను లేచి పరిష్కారం చెప్పాను. ప్రమాదం ఉన్నది సమయం తెలియకపోవడంలో అన్నాను. ఏ లైను, ఏ ఊళ్ళు, ఎప్పుడు పోతుంది, ఎప్పుడు వస్తుంది, అన్నీ ముందుగానే జాబితాగా వేసి చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అందరికీ నచ్చింది. ఆ సాయంత్రమే నాలుగు గళ్ళ పట్టిక గీశాను. అడుగున నా సంతకం, కింద నా హోదా. దాన్ని సబ్‌స్టేషన్ గేటుకు అంటించారు. జిరాక్సులు తీసి ఊళ్ళలో పంచారు, ఆటోకు మైకు కట్టి చదివారు. సోమ్లా సార్ గేటు దగ్గర నిలబడి కాగితమంతా చదివాడు.

"మంచిగ రాసినవు. గందుకే భయమైతున్నది. ఇంత మంచిగ రాస్తే ఎవడు నమ్మడు?" అన్నాడు.

ఆ రోజు పది గంటలకు మూడు బ్రేకర్లూ నేనే తీసి కరెంటు ఆపాను. బయట సమ్మె డేరాలో చప్పట్లు కొట్టారు.  సోమ్లా సార్ ఆవరణలోకి వెళ్ళి, ఆ మూడు లైన్ల మొదట్లో చేత్తో లాగే స్విచ్చులు ఉంటాయి, వాటిని కూడా విడదీసి మూడింటికీ తాళాలు వేశాడు. తాళంచెవులు మొలతాడుకు కట్టుకున్నాడు. "ఎట్లనో తీసిండ్రు. తీసినంక ఇది నా పని" అని వచ్చి డేరాలో, తనను ద్రోహి అన్నవాళ్ళ మధ్యనే కూర్చున్నాడు.

పన్నెండు దాటాక డివిజనల్ ఇంజనీరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. వెంటనే సరఫరా ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు. బ్రేకరు వేసినా స్విచ్చులకు తాళాలున్నాయి కాబట్టి కరెంటు గేటు దాటలేదు. చెవులు ఎవరి దగ్గర అని అడిగితే సోమ్లా సార్ లేచి నిలబడ్డాడు. "నా కాడనే ఉన్నయి సార్. ఇప్పుడియ్య."

డేరా ఒక్కసారిగా ఉర్రూతలూగింది. "నాయక్ సార్ జిందాబాద్!" అని యాదగిరే మొదలుపెట్టాడు. ఆయన గిరుక్కున తిరిగాడు. "జిందాబాద్ నీ మొఖం! నీ కోసం కాదుర నేను నిలవడ్డది. నోర్మూసుకో!" ఎత్తిన పిడికిళ్ళు ఎత్తినట్టే ఉండిపోయాయి.

"సార్, రెండింటిదాక కరెంటు రాదని ఊరూర మైకుల చెప్పినం. మనోళ్లు పైన ఉంటరు. గంట టైమియ్యుండ్రి, చూసొస్తం" అన్నాడు అధికారితో.

అధికారి రిజిస్టరు తెప్పించి చూశాడు. "ఎల్‌సీ ఎవరూ తీసుకోలేదే. ఇందులో ఒక్క పేరు కూడా లేదు."

"రిజిస్టర్ల లేదు సార్. గేటు మీదున్నది."

అందరూ గేటు వైపు చూశారు. నేను చూడలేదు. దాని మీద ఏముందో నాకు వరుసలతో సహా తెలుసు. ఇచ్చిన ఎల్‌సీ ఎలాంటిదో ఆ కాగితమూ అలాంటిదే. రెండింటిదాకా కరెంటు రాదని నా సంతకంతో మాట ఇచ్చాను. తేడా ఒకటే. ఎవరెవరు తీసుకున్నారో నాకు తెలియదు.

తాళాలు పగలగొట్టమని అధికారి అన్నాడు. "పగలగొట్టుండ్రి సార్. ఎవరు పగలగొడ్తున్నరో జర రిజిస్టర్ల పేరు రాసి సంతకం పెట్టుండ్రి" అన్నాడు సోమ్లా సార్, ఎప్పటి గొంతుతోనే. అధికారి చేతిలోకి పెన్ను వచ్చింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని, గంట దాటితే ఊరుకోనన్నాడు.

మూడు లైన్లకు మూడు బళ్ళు. రెండో లైను సోమ్లా సార్ నాకూ యాదగిరికీ ఇచ్చాడు. "పైకి చూడకుండ్రి. ముందుగాల కిందికి చూడుండ్రి" అన్నాడు. పొలాల గట్ల మీద బండి పోనిచ్చినంత దూరం బండి మీద, పోనివ్వని చోట పరుగెత్తి, ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ చూసుకుంటూ పోయాం. నోటుబుక్కులో టిక్కులు పెడుతూనే ఉన్నాను. పద్నాలుగో దాని కింద, తుమ్మచెట్టు నీడలో, ఒక టిఫిన్ డబ్బా, దాని పక్కన ఒక టైరు చెప్పుల జత ఉంది.

పైన ఒకాయన రెండు స్తంభాల మధ్య ఇనుప పట్టీ మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని, తీగ కొసను పళ్ళతో పట్టుకుని మెలి తిప్పుతున్నాడు. పేరు మల్లయ్య అని తర్వాత తెలిసింది. దిగమని అరిచాను. తీగ నోట్లోంచి తీసి తాపీగా, "ఏం పటేలా, ఎందుకు పరేషాన్ అయితవు? రెండింటిదాక లేదు గదా. ఇంక గంటున్నది" అన్నాడు.

"నీకెవరు చెప్పిండ్రు?"

ఒక చేత్తో పట్టీని పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు. "సంతకం గూడ ఉన్నది సూడు. ఇంజనీరుది."

ఆయన దిగేదాకా నేను ఏమన్నానో, అసలేమైనా అన్నానో నాకు గుర్తులేదు. యాదగిరి తర్వాత చెప్పాడు, నేను ఆ చెప్పులను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డానట. మల్లయ్య దిగి, "నా చెప్పులు నాకియ్యవా ఏంది?" అని అడిగాడట. ఆ కాగితం మాత్రం అడిగి తీసుకున్నాను.

ఒంటిగంటన్నరకు అన్ని బళ్ళూ తిరిగి వచ్చాయి. మిగతా రెండు లైన్ల మీద ఎవరూ లేరు. సోమ్లా సార్ ఒక్కొక్కరినీ అడిగాడు, చెప్పులు చూశారా అని. నన్ను అడిగినప్పుడు, "ఒక జత ఉండె. ఇప్పుడు లేదు" అన్నాను. ఆయన నా ముఖం వంక చూసి, మొలతాడు నుంచి తాళంచెవులు విప్పాడు. రెండుకు ఇరవై నిమిషాల ముందు కరెంటు వచ్చింది.

అలా ఆయన రెండు వైపులా చెడ్డవాడయ్యాడు. సమ్మె గడువు తీరకముందే సరఫరా ఇచ్చాడని సంఘంలో కొందరికి కోపం. ఉత్తర్వును అడ్డుకున్నాడని ఆఫీసుకు కోపం. మూడో రోజున సస్పెన్షన్ కాగితం వచ్చింది. కరెంటు తీయవద్దని చేయి ఎత్తకుండా ఉన్న ఒకే ఒక్క మనిషి అందులో సమ్మెకు ముఖ్య కారకుడు. అది చూసి సంఘం మనసు మార్చుకుంది. రోడ్డు మీద ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆయన తానే నిచ్చెన తెచ్చుకుని దాన్ని దించాడు. "బతికుండంగ ఫొటో కడ్తిరి, అది గూడ వద్దన్నోన్ని" అని, మడత పెట్టి యాదగిరి చేతిలో పెట్టాడు. "మీ బర్రెల కొట్టం మీద కప్పుకో, వాన కురవది."

విచారణకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆయన రెండే వాక్యాలు రాశాడు. మనుషులు పైన ఉంటారని అనుమానించాను, చూసిన తర్వాత ఇచ్చాను. మల్లయ్య పేరు లేదు, నా పట్టిక మాట లేదు. అదేమిటని అడిగితే, "నీది ప్రొబేషన్. ఊకో. నాకు రెండేండ్ల నౌకరి, నన్నేం చేస్తరు?" అన్నాడు. నేను ఊరుకున్నాను. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆ నాలుగు రోజులూ జనగామ నుంచి ఘన్‌పూర్ దాకా రైలు కిటికీలోంచి పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఐదో రోజు మల్లయ్య ఊరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు రాసి ఆయన సంతకం తీసుకున్నాను. నా పట్టికను దానికి జతచేసి, ఇది రాసింది నేనే, బ్రేకర్లు తీసింది నేనే అని ఇంకో కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాను. నా ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. ఆయన సస్పెన్షన్ ఎత్తేసి భూపాలపల్లి వైపు బదిలీ చేశారు. బస్సెక్కించడానికి వెళ్ళినప్పుడు ఆయన మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు. "రమేశ్, గా సంచి జర పైన పెట్టు" అన్నాడు. అంతే.

రాష్ట్రం వచ్చిన రోజున జనగామ అంతా పటాకుల పొగ. నేను ఫోను చేశాను. వెనక డప్పుల మోత వినిపిస్తోంది. "సంబురంగున్నది. రొట్టెలు కాలుస్తున్న" అన్నాడు. సమ్మెలు చేయకపోతే వచ్చేదా సార్ అని అడిగాను. చాలా రోజులుగా దాచుకున్న ప్రశ్న. ఆయన ఆలోచించే చెప్పాడు. "ఏమో. రాకపోతుండెనేమో. నాకెర్క లేదు. గని ఆ మల్లయ్య ఉన్నడు గదా, వాడు గూడ ఇయ్యాల పటాకులు కాలుస్తడు." ఆ వెంటనే, "ఊరంత లైట్లు పెట్టిండ్రు, లోడు జర చూసుకో" అని పెట్టేశాడు.

ఉద్యోగం ముగిశాక గార్ల దగ్గరి తండాకే వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ క్రితం అక్కడే పోయాడు. ఇప్పటికీ నేను ఆయనతో పూర్తిగా ఒప్పుకోను. ఆ రోజుల్లో చేతులు కట్టుకుని కూర్చుంటే ఏదీ కదిలేది కాదని నా నమ్మకం. మళ్ళీ అలాంటి సమావేశం జరిగితే నా చెయ్యి లేస్తుందేమో కూడా. కానీ లేపేముందు ఎవరెవరు పైన ఉన్నారని అడుగుతాను. మల్లయ్య దగ్గర తీసుకున్న కాగితం నా నోటుబుక్కు అట్టలో ఉంది. మడతల దగ్గర చిరిగింది. నోటుబుక్కులు మారుతుంటాయి, కాగితం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుతుంది.

"సార్, ఉన్నరా? లైను ఇయ్యమంటరా?" అని ఫోనులో లైన్‌మన్ గొంతు.

"ఆగు. నీయి ఏడున్నయి?" అని అడిగాను.

 అటువైపు అతను చిన్నగా నవ్వాడు. "నా కాళ్లకే ఉన్నయి సార్. కింద, బురదల నిలవడి మాట్లాడుతున్న."

అప్పుడు ఇమ్మన్నాను.